ఎంపిక ముగిసిన తరువాత వచ్చే ఉపకార వేతనం

2024 సెప్టెంబరు 30వ తేదీన సుప్రీంకోర్టు ఒక విద్యార్థి విషయంలో వెలువరించిన ఉత్తర్వు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత కూలీ కుటుంబంలో పుట్టిన ఆ యువకుడు ప్రవేశ పరీక్షలో నెగ్గి ధన్‌బాద్ ఐ.ఐ.టి.లో సీటు సంపాదించాడు. సీటును ఖాయపరచుకోవడానికి 17,500 రూపాయలను జూన్ 24వ తేదీ సాయంత్రం 5 గంటల లోపల చెల్లించవలసి ఉన్నది. ఊరివారి సాయంతో ఆ కుటుంబం సొమ్మును కూడదీసే సరికి గడువు కొద్ది నిమిషాల తేడాతో దాటిపోయింది. సీటు రద్దయింది. పలు తలుపులు తట్టిన మీదట వ్యవహారం దేశ సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అధ్యక్షతన గల ధర్మాసనం రాజ్యాంగంలోని 142వ అధికరణం ప్రసాదించిన ప్రత్యేకాధికారాన్ని వినియోగించి, మరొకరి సీటుకు భంగం కలగకుండా అదనపు సీటు కల్పించి, అతడిని చేర్చుకోవలసిందిగా ఆదేశించింది.

ఈ తీర్పును అందరూ హర్షించారు. హర్షించవలసినదే. అయితే ఈ ఉదంతంలో మరొక అంశం కూడా ఉన్నది. 2016లో ఐ.ఐ.టి.ల బోధనా రుసుమును ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షల రూపాయలకు పెంచినప్పుడు, షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు, వికలాంగులకు, లక్ష రూపాయల లోపు వార్షికాదాయం గల కుటుంబాల పిల్లలకు ఆ రుసుమును పూర్తిగా మినహాయించారు. లక్ష నుంచి 5 లక్షల వరకు ఆదాయం గల కుటుంబాలకు మూడింట రెండు వంతులు తగ్గించారు. అనగా, నాలుగేళ్ళలో 8 లక్షల రూపాయల మినహాయింపునకు హక్కుదారుడైన విద్యార్థి, చేరే వేళకు 17,500 రూపాయలు చేతిలో లేక సీటు పోగొట్టుకున్నాడు. ప్రభుత్వ సహాయం లేకపోలేదు. అది అవసరమైన రోజున లేదు.

మన దేశంలో ప్రతిభకు ఇచ్చే ఉపకార వేతనాల చరిత్రనంతటినీ ఈ ఒక్క కోణం నుంచి పరిశీలించవచ్చునని నాకు అనిపిస్తున్నది. ఉపకార వేతనానికి రెండు ప్రయోజనాలు ఉన్నాయి. చేరిన విద్యార్థి చదువు ఆగిపోకుండా చూడటం ఒకటి. తనకు తగిన చోటును, తాను కోరిన చోటును, సొమ్ము భయం లేకుండా ఎంచుకోగలిగేటట్లు చేయడం రెండవది. మొదటి ప్రయోజనానికి సొమ్ము కొంత ఆలస్యంగా వచ్చినా చదువు ఎలాగో కుంటుతూ సాగవచ్చు. రెండవ ప్రయోజనం నెరవేరాలంటే మాత్రం, సొమ్ము వస్తుందన్న హామీ ఎంపికకు ముందే అందాలి. మన ప్రభుత్వ పథకాలలో హెచ్చు భాగం మొదటి ప్రయోజనాన్ని మాత్రమే దృష్టిలో ఉంచుకొని నడుస్తున్నవి. రెండవ దానిని ప్రైవేటు విద్యా సంస్థలు అందిపుచ్చుకున్నవి.

ఈనాడు కళాశాల ప్రవేశం ఏ విధంగా జరుగుతున్నదో ఒకసారి చూడాలి. ఒకప్పుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పన్నెండవ తరగతి మార్కులే ప్రమాణం. ఆ మార్కుల పరుగు ఎక్కడికి పోయిందంటే, 2021లో కొన్ని కళాశాలలు కొన్ని కోర్సులకు నూటికి నూరు శాతాన్నే కనీసార్హతగా ప్రకటించవలసి వచ్చింది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. ఇప్పుడు విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, కోర్సులను వరుసక్రమంలో పేర్కొనాలి. మొదటి ఐచ్ఛికం, రెండవ ఐచ్ఛికం, మూడవ ఐచ్ఛికం, ఇలా పట్టిక తయారు చేయాలి. సీటు కేటాయించగానే కొద్ది రోజుల గడువులో అంగీకరించి రుసుము కట్టాలి. పై ఐచ్ఛికం కోసం వేచి చూడదలచుకొంటే చూడవచ్చు. కాని పై సీటు దక్కిన మరుక్షణం కింది సీటు తనంతట తానే రద్దవుతుంది. ఐ.ఐ.టి.లు, ఎన్.ఐ.టి.ల ఉమ్మడి కేటాయింపులోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. పట్టికను వ్రాసిన క్రమమే పిల్లల భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఆ క్రమాన్ని ఒకసారి ఖాయపరచిన తరువాత మార్చుకునే వీలు దాదాపుగా ఉండదు.

కేంద్ర ప్రభుత్వపు ఉపకార వేతనాలు ఈ కాలక్రమంలో ఎక్కడ వస్తాయి? కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఉద్దేశించిన కేంద్ర రంగ పథకం ఒకటి ఉన్నది. ఏటా 82 వేల కొత్త ఉపకార వేతనాల వరకు ఇవ్వాలన్నది అందులోని లక్ష్యం; అందులో సగం బాలికలకు. పన్నెండవ తరగతిలో తమ బోర్డులో 80వ పర్సంటైల్‌కు పైన నిలిచి, కుటుంబ వార్షికాదాయం నాలుగున్నర లక్షలు మించని వారు అర్హులు. డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 12 వేల రూపాయలు. దీనికి దరఖాస్తు చేసుకోవాలంటే విద్యార్థి అప్పటికే ఒక కళాశాలలో చేరి ఉండాలి. ఆ కళాశాల అతడు తమ విద్యార్థి అని ధ్రువీకరించాలి. 2008లో ప్రారంభమైన ‘ఇన్‌స్పైర్’ పథకం ఇంతకంటె ఉదారమైనది. మూల విజ్ఞాన శాస్త్రాలు చదివే ప్రతిభావంతులకు ఏడాదికి 80 వేల రూపాయలు: అందులో 60 వేలు విద్యార్థికి, 20 వేలు వేసవి పరిశోధనకు. తమ బోర్డులో మొదటి ఒక్క శాతంలో నిలిచిన వారిని, ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షలలో మొదటి 10 వేల ర్యాంకుల లోపల ఉండి కూడా భౌతిక, రసాయన, గణిత శాస్త్రాల వంటివి ఎంచుకున్న వారిని ప్రోత్సహించడం దాని ఉద్దేశం. ఉద్దేశం ఎంపికను ప్రభావితం చేయడమే. అయినా దానికి దరఖాస్తు పెట్టేది కోర్సులో చేరిన తరువాతనే. వస్తుందో రాదో తెలియని సొమ్మును నమ్ముకొని, ఇంజనీరింగు సీటును వదలుకొని గణితం చదవమని పిల్లలకు చెప్పగల ధైర్యం ఎంతమంది తల్లిదండ్రులకు ఉంటుంది?

ప్రైవేటు విశ్వవిద్యాలయాల పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రవేశ పరీక్ష ఫలితం వెలువడిన రోజుననే రాయితీ లేఖ ఇంటికి చేరుతుంది. ‘మీ ప్రతిభను గుర్తించి’ అన్న మాటతో అది మొదలవుతుంది. తేదీ ఉంటుంది, శాతం ఉంటుంది, గడువు ఉంటుంది. రంగు ముద్రతో వచ్చిన ఆ కాగితం తల్లిదండ్రుల మనస్సుపై ఎంత ప్రభావం చూపుతుందో ఈ నగరంలో ప్రతి వేసవిలోనూ నేను చూస్తున్నాను.

ఆంధ్రా భవన్ పరిసరాలలో జూన్, జులై మాసాలలో తెలుగు తల్లిదండ్రులు కనిపిస్తూ ఉంటారు. పల్నాడు ప్రాంతం నుంచి వచ్చిన ఒక చిరు వర్తకుడు అటువంటి రెండు కాగితాలు నా ముందు పరచి, ‘ఏది ముందు పెట్టమంటారండీ?’ అని అడిగాడు. కుమార్తెకు ఆర్థికశాస్త్రం చదవాలని ఉన్నది. ఒక కాగితం ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక కళాశాల కేటాయింపు. రెండవది ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం పంపిన లేఖ: బోధనా రుసుములో సగం ప్రతిభా ఉపకార వేతనంగా మినహాయింపు. ‘ఇక్కడ పైసా తగ్గించడం లేదు, అక్కడ ఏడాదికి 2 లక్షలు ఇస్తామంటున్నారు’ అన్నది ఆయన లెక్క.

మేమిద్దరం కూర్చుని ఆ లెక్కను వివరంగా వేశాము. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో పూర్తి రుసుము ఏడాదికి 4 లక్షలు. సగం పోగా 2 లక్షలు. నాలుగేళ్ళకు 8 లక్షలు. వసతికి, భోజనానికి రాయితీ వర్తించదు. అది ఏడాదికి లక్షన్నర, నాలుగేళ్ళకు 6 లక్షలు. మొత్తం 14 లక్షలు. లేఖ వెనుక చిన్న అక్షరాలలో ఒక షరతు ఉన్నది: ప్రతి సంవత్సరం నిర్ణీత గ్రేడు సగటు నిలుపుకుంటేనే రాయితీ కొనసాగుతుంది. మొదటి ఏడాది తరువాత అది పోయిందనుకుంటే, రుసుము 14 లక్షలకు, మొత్తం 20 లక్షలకు చేరుతుంది. ఢిల్లీ కళాశాలలో రుసుములు ఏడాదికి పాతిక వేలు అనుకుందాము. వసతిగృహంలో చోటు దొరకదనే అనుకొని, బయట గదికీ భోజనానికీ మరొక లక్షన్నర వేద్దాము. నాలుగేళ్ళకు 7 లక్షలు. ఉపకార వేతనం లేని చదువు 7 లక్షలు. ఉపకార వేతనం ఉన్న చదువు తక్కువలో తక్కువ 14 లక్షలు. ఆ వర్తకుడు తన దుకాణంలో ఇటువంటి తగ్గింపు ధరల మర్మం తెలియనివాడు కాడు. కాని కుమార్తె ప్రతిభకు దక్కిన గౌరవమని భావించిన కాగితాన్ని ధరల పట్టికగా చదవడానికి ఆయనకు మనస్సు ఒప్పలేదు.

ప్రైవేటు సంస్థలు ఇచ్చే రాయితీలన్నీ బూటకమని నేను అనడం లేదు. కొన్ని సంస్థలు కుటుంబ ఆదాయాన్ని పరిశీలించి నిజంగా ఆదుకుంటున్నవి. అక్కడ చదివి పైకి వచ్చిన పేద పిల్లలు ఉన్నారు. నేను అనేది ఇంతే: రుసుమును నిర్ణయించేదీ, రాయితీని నిర్ణయించేదీ ఒకే చేయి అయినప్పుడు, రాయితీ శాతం ఏమీ చెప్పదు. మిగిలిన మొత్తం ఎంత అన్నదే చూడాలి. మార్కులను బట్టి ఇచ్చే రాయితీకి, అవసరాన్ని బట్టి ఇచ్చే సహాయానికి తేడా ఉన్నది. మొదటిది ఆ సంస్థకు మంచి ర్యాంకులవారిని తెచ్చిపెడుతుంది. రెండవది ఆ విద్యార్థిని చదువులో నిలుపుతుంది. రెండింటికీ మనం వాడే మాట ఒక్కటే కావడంతో చిక్కు వస్తున్నది.

పై షరతు సంగతి కూడా తేలికగా తీసుకోదగినది కాదు. మన దేశంలో ఉపకార వేతనం పోగొట్టుకున్న వారిలో అగ్రగణ్యుడు శ్రీనివాస రామానుజన్. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకార వేతనంతో చేరిన ఆ మేధావి, గణితం తప్ప మరొకటి పట్టించుకోక, తక్కిన విషయాలలో తప్పి, ఆ వేతనాన్ని పోగొట్టుకున్నాడు. 1905లో ఇల్లు వదలి విశాఖపట్నం దిశగా బయలుదేరి రాజమహేంద్రవరంలో సుమారు నెల రోజులు గడిపాడు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా అక్కడి పరీక్షలూ గట్టెక్కలేదు. పట్టా లేని ఆ యువకునికి 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం మంజూరు చేసింది. మూడు నెలలకు ఒకసారి చేసిన పని గురించి నివేదిక సమర్పించడమే అతడి బాధ్యత. మరుసటి ఏడాదికి అతడు కేంబ్రిడ్జిలో ఉన్నాడు. మొదటి వేతనం, రెండవ వేతనం ఒకే మనిషికి ఇచ్చినవే. మొదటి దాని షరతు అతడిని వీధిపాలు చేసింది. రెండవ దాని షరతు అతడి పనికి అనుగుణంగా ఉన్నది.

మాజీ రాష్ట్రపతి అబ్దుల్ కలాం మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరడానికి అవసరమైన సొమ్ము కోసం ఆయన సోదరి తన బంగారు గాజులను, గొలుసును తాకట్టు పెట్టిన సంగతి లోకవిదితం. చేరిన తరువాత ఒక ప్రాజెక్టు మూడు రోజులలో పూర్తి చేయకపోతే ఉపకార వేతనం ఆపివేస్తామని ఆచార్యుడు హెచ్చరించగా, రాత్రింబవళ్ళు శ్రమించి ముగించానని ఆయన తన ఆత్మకథలో వ్రాసుకున్నారు. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా మనం పిల్లలకు చెబుతున్నాము. ఆ మూడు రోజులలో ఆయనకు జ్వరం వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఎవరూ వేయరు. ప్రవేశమప్పుడు ఉపకార వేతనమేదీ ఆయన చేతిలో లేనందుననే సోదరి నగలు తాకట్టుకు పోయాయన్నది కూడా గమనించవలసిన విషయం.

ఎంపికకు ముందే హామీ ఇచ్చే పథకాలు మన ప్రభుత్వానికి తెలియనివి కావు. జాతీయ ప్రతిభాన్వేషణ పథకం ఈ ఢిల్లీలోనే 1963లో 10 ఉపకార వేతనాలతో ప్రయోగాత్మకంగా ప్రారంభమయింది. మరుసటి ఏడాది 350 వేతనాలతో దేశమంతటికీ విస్తరించింది. మొదట్లో విజ్ఞాన శాస్త్రాలకే పరిమితమైనది తరువాత సాంఘిక శాస్త్రాలకూ, ఇంజనీరింగు, వైద్య విద్యలకూ వర్తించింది. తరువాతి కాలంలో పదవ తరగతిలోనే పరీక్ష జరిగేది. నెగ్గిన విద్యార్థి ఎక్కడ చేరినా వేతనం అతడి వెంట పోయేది. మొత్తం పెద్దది కాకపోయినా, పన్నెండవ తరగతి ముగిసి పట్టిక వ్రాసే వేళకు తనకు నెలకు ఇంత వస్తుందని విద్యార్థికి తెలిసి ఉండేది. అదే విధంగా 1999లో ప్రారంభమైన కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన యోజనలో పదకొండు, పన్నెండు తరగతులలో ఉండగానే పరీక్ష. డిగ్రీలో మూల శాస్త్రాలు ఎంచుకుంటే మొదటి మూడేళ్ళు నెలకు 5 వేల రూపాయలు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వంటి సంస్థలు తమ ప్రవేశాలకు కూడా దానినే ప్రమాణంగా తీసుకున్నవి. మన జిల్లాల పిల్లలు ఎందరో ఆ దారిన శాస్త్రరంగంలోకి వెళ్ళారు.

ఈ రెండు పథకాల గతి ఏమయింది? ప్రతిభాన్వేషణ పథకానికి 2021 మార్చి 31 వరకే ఆమోదం ఉన్నదని, ప్రస్తుత రూపంలో దానిని కొనసాగించడానికి ఆమోదం లేనందున తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేస్తున్నామని ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రకటించింది. కిశోర వైజ్ఞానిక యోజనను 2022లో ‘ఇన్‌స్పైర్’ పథకంలో కలిపివేశారు. ఎంపికకు ముందు తెలిసే రెండు పథకాలూ ఏడాది వ్యవధిలో ఆగిపోయినవి. ఎంపిక తరువాత తెలిసేవి మిగిలినవి. సొమ్ము ఆదా కోసం ఇది జరిగిందని నేను అనుకోవడం లేదు. అనేక పథకాలను ఒకే గొడుగు కిందికి తేవాలన్న పరిపాలనా సౌలభ్యం దీనికి కారణం కావచ్చు. కాని ఆ సౌలభ్యం కోసం జరిగిన మార్పులో, ఏ దినాన విద్యార్థికి ఈ సమాచారం అవసరమన్న ప్రశ్న ఎవరి లెక్కలోనూ లేకపోయింది.

మన రెండు రాష్ట్రాల అనుభవం ఇక్కడ ప్రస్తావించదగినది. ఉమ్మడి రాష్ట్రంలో రుసుము తిరిగి చెల్లింపు పథకం విస్తృతమైనప్పుడు, పేద కుటుంబాల పిల్లలు లక్షల సంఖ్యలో వృత్తి విద్యా కళాశాలల మెట్లెక్కారు. తరువాత ఎంసెట్‌లో 10 వేల లోపు ర్యాంకు వస్తే పూర్తి రుసుము, ఆపైన 35 వేల వరకు అన్న నిబంధన వచ్చింది. దాని లోపాలు ఎన్ని ఉన్నా, కౌన్సెలింగుకు వెళ్ళే రోజున విద్యార్థికి తన హక్కు తెలిసేది. ఈ ఒక్క గుణంలో అది అనేక కేంద్ర పథకాలకంటె మెరుగు. కాని ఈ పథకాలు ప్రధానంగా రాష్ట్రపు ఎల్లలలోనే పనిచేస్తాయి. ఢిల్లీలోనో, బెంగుళూరులోనో తన అభీష్టానికి తగిన సీటు దక్కిన వెనుకబడిన తరగతి విద్యార్థి, ఇంటి పక్కన ఉన్న కళాశాలలో రుసుము లేకుండా చదవడమా, దూరాన ఉన్న మంచి కళాశాలలో అప్పుతో చదవడమా అన్న మీమాంసలో పడతాడు. ఇక చెల్లింపుల జాప్యం గురించి చెప్పనక్కరలేదు. తెలంగాణలో 2025లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం బందు పాటించవలసి వచ్చింది. ప్రభుత్వం కళాశాలకు బాకీ పడితే, కళాశాల ఆ ఒత్తిడిని విద్యార్థిపైకి నెడుతుంది. హామీ ముందుగా ఇచ్చి సొమ్ము వెనుకగా ఇస్తే, ఆ హామీ మరుసటి ఏడాది విద్యార్థుల దృష్టిలో విలువ కోల్పోతుంది.

ఈలోగా రాజధానిలో అందరి నోటా వినిపిస్తున్న మాట రుణం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ‘పి.ఎం. విద్యాలక్ష్మి’ పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత శ్రేణి సంస్థలలో ప్రతిభ ఆధారంగా సీటు దక్కిన విద్యార్థికి తాకట్టు, హామీదారు లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. 8 లక్షల లోపు ఆదాయం గల కుటుంబాల పిల్లలకు 10 లక్షల వరకు రుణంపై, చదువుకునే కాలానికి 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. ఇది స్వాగతించదగినదే. తాకట్టు పెట్టడానికి పొలం లేనివారికి ఇది తలుపు తెరుస్తుంది. కాని రుణం ఉపకార వేతనానికి ప్రత్యామ్నాయం కాజాలదు. పది లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని చదివే విద్యార్థి కోర్సును ఎంచుకునేటప్పుడే, తన అభిరుచిని కాక, తీర్చగల జీతాన్ని చూసుకుంటాడు. చరిత్ర, భాషాశాస్త్రం, శుద్ధ గణితం ఆ పట్టికలో సహజంగానే కిందికి జారుతాయి.

ప్రతిభా ఉపకార వేతనాలపై ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. దానిని దాటవేయడం న్యాయం కాదు. మార్కులు, ర్యాంకులు శిక్షణ కేంద్రాలలో కొనుక్కోగలిగే ఈ రోజులలో, ప్రతిభకిచ్చే సొమ్ము ఇప్పటికే ఉన్నవారికి చేరుతుందన్నది ఆ వాదన. ఇందులో నిజం ఉన్నది. కనుకనే ఆదాయ పరిమితి గల కేంద్ర రంగ పథకం, ఆదాయంతో నిమిత్తం లేని పథకాలకంటె న్యాయమైనది. కాని ఆదాయ పరిమితి ఉన్నంత మాత్రాన పని పూర్తి కాదు. సంపన్నుని బిడ్డకు ఉపకార వేతనం ఆలస్యమైతే ఒక చిన్న అసౌకర్యం. అతడి పట్టికలో మొదటి ఐచ్ఛికం మొదటిగానే ఉంటుంది. పేదవాని బిడ్డకు అది ఆలస్యమైతే మొదటి ఐచ్ఛికమే మారిపోతుంది. సమయపాలన లేని పథకంలోని నష్టమంతా పేదవాని వంతుకే వస్తుంది. ఆ నష్టం ఏ లెక్కలలోకీ ఎక్కదు. వ్రాయని ఐచ్ఛికాన్ని ఏ కార్యాలయమూ నమోదు చేయదు కదా!

పరిష్కారానికి కొత్త కోట్లు అవసరమని నేను అనుకోవడం లేదు. కేంద్ర రంగ పథకానికి అర్హులెవరో బోర్డు ఫలితాలే చెబుతాయి. ఆ పరిమితికి పైన ఉన్న ప్రతి విద్యార్థికి మార్కుల పట్టికతో పాటే, ‘ఆదాయ ధ్రువపత్రం చూపితే నీకు ఇంత వేతనం లభిస్తుంది, దేశంలో గుర్తింపు పొందిన ఏ కళాశాలలో చేరినా ఇది నీ వెంట వస్తుంది’ అన్న లేఖ అందజేయవచ్చు. మొదటి వాయిదాను చేరిన మొదటి నెలలో చెల్లించవచ్చు. సీటు ఖాయపరచుకునే రుసుమును అర్హులైన వారికి ఉపకార వేతనం నుంచి తరువాత మినహాయించుకోవచ్చు. ఒక్క సెమిస్టరులో మార్కులు తగ్గినంత మాత్రాన వేతనం ఆపకుండా, కోలుకోవడానికి మరొక సెమిస్టరు గడువు ఇవ్వవచ్చు. గ్రామం నుంచి మహానగరానికి, తెలుగు మాధ్యమం నుంచి ఆంగ్ల మాధ్యమానికి వచ్చిన విద్యార్థి మొదటి ఆరు నెలలలో తడబడటం అతడి ప్రతిభకు కొలమానం కాదు. 2020 జాతీయ విద్యావిధానం ఉపకార వేతనాల పోర్టల్‌ను విస్తరించాలని, ప్రైవేటు సంస్థలు మరిన్ని వేతనాలు ఇచ్చేటట్లు ప్రోత్సహించాలని పేర్కొన్నది. ఎప్పుడు ఇవ్వాలన్న అంశం కూడా ఆ విధానంలో అంతర్భాగం కావాలి.

అంతవరకు తల్లిదండ్రులు చేయదగినవి కొన్ని ఉన్నాయి. రాయితీ శాతం కాక, వసతితో కలిపి చివరి సంవత్సరం వరకు అయ్యే మొత్తం వ్యయాన్ని కాగితంపై వ్రాసుకోవాలి. రాయితీ ఏ షరతుపై నిలుస్తుందో, ఒకసారి పోతే తిరిగి వస్తుందో లేదో లిఖితపూర్వకంగా అడగాలి. రాయితీ మధ్యలో పోయినా అక్కడే చదివించగలమా అన్న ప్రశ్నకు అవునని చెప్పగలిగితేనే ఆ సంస్థను ముందు పెట్టాలి. బోధనా రుసుమే లేకుండా, నెలనెలా భృతి కూడా ఇచ్చే సంస్థలు ఉన్నవని తెలుసుకోవాలి. మహలనోబిస్ స్థాపించగా, మన సి.ఆర్. రావు దశాబ్దాల పాటు పనిచేసిన భారత గణాంక శాస్త్ర సంస్థ అటువంటిది. ముందుగా కట్టిన సొమ్ము పోతుందన్న భయంతో ఇష్టం లేని చోట ఉండిపోనక్కరలేదు. 2024-25 విద్యా సంవత్సరంలో సెప్టెంబరు 30 లోపల ప్రవేశం రద్దు చేసుకున్నవారికి పూర్తి రుసుము తిరిగి ఇవ్వాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆదేశించింది. ఏ ఏటికి ఆ ఏటి గడువును కనుక్కోవడం మంచిది. అన్నిటికంటె ముందు, సొమ్ము ప్రసక్తి లేకుండా పిల్లలను ఒక పట్టిక వ్రాయమనాలి. ఆ తరువాత సొమ్ము లెక్క వేసి రెండవ పట్టిక వ్రాయాలి. రెండింటి మధ్య ఎంత దూరం ఉన్నదో ఇంట్లో అందరూ చూడాలి. ఆ దూరాన్ని తగ్గించడమే ఉపకార వేతనాల పని.

మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభకు 42 మంది సభ్యులు వస్తున్నారు. విద్యాశాఖ పద్దులు చర్చకు వచ్చినప్పుడు ఎన్ని లక్షల ఉపకార వేతనాలు ఇచ్చారన్న ప్రశ్న ప్రతి ఏటా వినిపిస్తుంది. మంత్రిగారు సంఖ్య చెబుతారు. సభ తరువాతి అంశానికి పోతుంది. ఈసారి వారిలో ఒక్కరైనా వేరొక ప్రశ్న వేయాలి. ఉపకార వేతనం మంజూరైన సంగతి విద్యార్థికి ప్రవేశపు గడువుకు ఎన్ని రోజుల ముందు తెలిసింది? మొదటి వాయిదా చేరిన ఎన్నవ రోజున అందింది? ఈ రెండు అంకెలు సభా కార్యకలాపాలలో నమోదైతే, మిగిలిన లెక్కను మన పాఠకులే వేసుకోగలరు.